ఊరూరి చెరువు – ఊరూరి గ్రంథాలయము

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసి జీవించువాడను. తీరిక వేళల పెద్దల గ్రంథములను ముందుంచుకొని, తెలియని పదమునకు నిఘంటువు చూచుకొనుచు, కూడబలుకుకొని నేర్చినవాడను. చరిత్ర యనగానే రాజుల జైత్రయాత్రలు వ్రాయవలెనేమో యని మొదట తోచినది. కాని మన గ్రంథాలయమున పుస్తకములు తీసికొనినవారి రిజిస్టరు ఒకనాడు తిరుగవేయుచుండగా వేరొక ప్రశ్న నన్ను పట్టుకొన్నది. ఒక పుస్తకము ఒక చేతినుండి మరియొక చేతికి ఎట్లు పోవును? ఒక యూరి మంచిపని పొరుగూరికి ఎట్లు ప్రాకును? కొన్ని సంఘములు ఏడాది తిరుగక మునుపే మాసిపోగా, మరికొన్ని తరములు మారినను ఎట్లు నిలుచును? ఈ ప్రశ్నలకు మన దేశభాగమున గ్రంథాలయోద్యమ చరిత్రకంటె మంచి సమాధానము నాకు కానరాలేదు.

మెట్టసీమలలో మన పూర్వులు త్రవ్వించిన గొలుసుకట్టు చెరువులను చదువరులు చూచియే యుందురు. పై చెరువు నిండినపుడు అలుగు పారును. ఆ నీరు వాగువెంట పోయి క్రింది చెరువును నింపును. అది నిండిన పిమ్మట దాని క్రిందిది. ఒంటరి చెరువు ఎంత పెద్దదైనను ఒక్క యూరి ఆయకట్టునకే ఆధారము. గొలుసులోని చెరువు చిన్నదైనను తనకు మిక్కిలియైన నీటిని వృథా పోనీయదు. కాని నడుమనున్న కాలువ పూడినచో, మీద ఎంత వాన కురిసినను క్రింది చెరువు ఎండిపోవును. మనుషుల నడుమ విద్య పారుటయు ఇట్లే యని నా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు ఆధారములను ఈ క్రింద చూపెదను.

గ్రంథాలయములు లేని కాలమున విద్య పారలేదని యెవరును తలపరాదు. దేవాలయ మండపమున పురాణ కాలక్షేపము జరుగుచుండెను. హరికథకులు, బుర్రకథకులు ఊరూర తిరుగుచుండిరి. వేమన పద్యములకు ఏ ముద్రాలయమును తోడు రాలేదు. అయినను అవి జనుల నోట నిలిచినవి. చిన్న పద్యము, తేలిక మాట, జ్ఞాపకమునకు ఒదిగిన నడక – ఇవి వానికి వాహనములు. దీనినిబట్టి మొదటి పాఠము తెలియుచున్నది: పయనము చేయవలసిన వస్తువు పయనమునకు తగిన మూట కావలెను. పెద్ద కావ్యమున కట్టి సౌకర్యము లేదు. తాళపత్ర ప్రతి ఒక యింటి అటకమీద నుండును. దానిని చూడవలెనన్న ఆ యింటివారితో చుట్టరికమో, గురుశిష్య సంబంధమో యుండవలెను. ఆ యిల్లు కాలినచో గ్రంథమును కాలును. సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను జీతములిచ్చి నియమించి, ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించుటలోని మేలు ఇదియే. ఆయన వేమన పద్యములను 1829లో అచ్చు వేయించెను. చెల్లాచెదురుగా నున్న అటకలను ఒక్క బల్లచుట్టు చేర్చిన పని అది. కాని ఆ బల్లకు ఒక్కడే యజమాని. అతడు ఊరు విడిచినచో ఆ పని కొనసాగించు సంఘము వెనుక లేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రజల గ్రంథాలయములు ఒక్కొక్కటిగా పుట్టసాగెను. విశాఖపట్టణమున 1886లో ఒక పఠనాలయము వెలసెను. భీమవరము చేరువనున్న కుముదవల్లి యను పల్లెలో 1897లో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము స్థాపింపబడెను. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. ఇవన్నియు మంచి చెరువులే. కాని ఒక్కొక్కటి తన ఊరి వానతోనే నిండవలసినది. వీనిని కలుపు కాలువలు ఎవరు త్రవ్విరి?

ఇచ్చట కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి జీవితము గమనింపదగినది. ఆయన జన్మస్థలము కృష్ణామండలములోని పెనుగంచిప్రోలు; చదువు నాగపురమున; కాబట్టి మహారాష్ట్ర భాషయు, అచ్చటి ప్రజాకార్యముల తీరును ఆయనకు స్వాధీనములు. ఉద్యోగము మునగాల సంస్థానమున. ఆ మునగాల పరగణా విచిత్రమైనది. చుట్టును నైజాము రాజ్యము, తాను మాత్రము చెన్నరాజధానిలోని కృష్ణామండలమునకు చెందినది, నీటినడుమ లంకవంటిది. అట్టిచోట నున్నవాడు హైదరాబాదువారికిని పరాయివాడు కాడు, చెన్నపట్టణమువారికిని పరాయివాడు కాడు. హైదరాబాదు భాషానిలయ స్థాపకులలో లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు ముఖ్యులు. ఆ మిత్రబృందమే 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పెను. జీవచరిత్రలు, దేశచరిత్రలు, ప్రకృతిశాస్త్రములు తేటతెలుగున వ్రాయించి, చౌకగా అచ్చు వేయించి, చందాదారులకు పంపుట ఆ మండలి పని. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్రయు, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును ఆ వరుసలోనివే. వేమన పద్యమునకు తేలిక నడక ఎట్టిదో, ఈ పుస్తకములకు తక్కువ వెల అట్టిది.

దీనినుండి రెండవ పాఠము: ఒకే యింటివారు, ఒకే వీధివారు ఒకరికొకరు చెప్పుకొనునది చాలవరకు అందరికిని తెలిసినదే. క్రొత్త మాట రావలెనన్న రెండు చోట్ల కాలు పెట్టిన మనిషి కావలెను. నూరుమంది చేతులు పట్టుకొని వలయముగా నిలిచిరనుకొందము. ఒకని చేతిలోని చీటి ఎదుటివానికి చేరవలెనన్న 50 చేతులు మారవలెను. ఆ వలయమునకు అడ్డముగా నలుగురైదుగురు త్రాళ్లు పట్టుకొన్నచో అదే చీటి ఏ కొలది చేతులు మారియో చేరును. లక్ష్మణరావుగారు అట్టి అడ్డత్రాడు. ఆయన 1923లో స్వర్గస్థులైనను, ఆయన కలిపిన చేతులు విడిపోలేదు.

ఇక 1914 ఏప్రిల్ 10వ తేదీ. బెజవాడ రామమోహన గ్రంథాలయమువారి పూనికతో ఆంధ్రదేశమునందలి గ్రంథాలయముల ప్రతినిధుల మొదటి మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. ఆ సభయందే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము పుట్టెను. దాని వెన్నెముక అయ్యంకి వేంకట రమణయ్యగారు. ఆయనకు అప్పటికి పాతిక యేండ్లయినను నిండలేదు. సభ బెజవాడలో జరుగుట కాకతాళీయము కాదు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైనపిమ్మట కాలువలన్నియు అచ్చటనే చీలినవి. హైదరాబాదునుండి వచ్చు రైలు 1889లో బెజవాడ చేరినది. కృష్ణపై వంతెన 1893లో సిద్ధమై చెన్నపట్టణము మార్గము కలిసినది. నీరు, బండి, మనిషి – మూడును కూడు చోట మాటయు కూడును.

లెక్కలవాడను గనుక ఒక చిన్న లెక్క చెప్పుటకు అనుమతింపుడు. పది ఊళ్ల గ్రంథాలయములు ఒకదానితో నొకటి నేరుగా ఉత్తరములు నడుపవలెనన్న 45 త్రోవలు కావలెను. నడుమ ఒక సంఘమున్నచో పది త్రోవలు చాలును. ఊళ్లు నూరైనచో నేరు త్రోవలు 4,950; సంఘముద్వారా నూరే. సంఘమును, దాని పత్రికయైన గ్రంథాలయ సర్వస్వమును చేసిన మేలు ఇది. ఒక యూరిలో పుస్తకముల పట్టిక ఎట్లు వ్రాసికొనిరో, చందా ఎట్లు వసూలు చేసిరో, రాత్రి పాఠశాల ఎట్లు నడిపిరో పత్రికలో పడినంతనే దూరపు పల్లెవాడును దానిని అనుకరింపగలిగెను. అయితే కేంద్రమొక్కటే ఆధారమైనచో అది అలసిన దినమున అన్నియు అలయును. ఈ ప్రమాదము ఆ పెద్దలకు తెలియకపోలేదు. కాబట్టియే గ్రంథాలయ యాత్రలు చేసిరి; ఊరూరు తిరిగిరి; ఒక ఊరి కార్యకర్తను మరొక ఊరి కార్యకర్తకు ఎదురుబదురుగా పరిచయము చేసిరి. కేంద్రమువలన వేగము, ఇరుగుపొరుగు స్నేహమువలన నిలుకడ కలిగినవి.

ఇదే కాలమున బరోడా సంస్థానమున శాయాజీరావు గైక్వాడు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెను అను నిపుణుని రప్పించి, రాజ్యమంతట గ్రంథాలయములు పెట్టించెను. కొయ్యపెట్టెలలో పుస్తకములు పల్లెలకు పంపించెను. అది రాజు త్రవ్వించిన పెద్దకాలువ. మనది రైతులు తట్ట పార పట్టి త్రవ్వుకొన్న పిల్లకాలువ. ఈ రెండును 1919 నవంబరు 14వ తేదీన చెన్నపట్టణమున కలిసినవి. అయ్యంకివారి ప్రయత్నమున ఆనాడు జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కరుగారు అధ్యక్షత వహించిరి. ఏటేట నవంబరు 14 మొదలు 20 వరకు మనము జరుపుకొను గ్రంథాలయ వారోత్సవములు ఆ తేదీతోనే మొదలగుచున్నవి.

పుట్టించుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు. వేటపాలెమున 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు ఒక యువజన సంఘముతో కలిసి చిన్న గ్రంథాలయము ప్రారంభించిరి. అదియే సారస్వత నికేతనము. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధి శంకుస్థాపన చేసిరి. అక్కడ పాత పత్రికల సంపుటములు ఎంత పదిలముగా నిలిచినవనగా, విదేశముల పరిశోధకులును వెదకికొని వచ్చిరి. మహాత్ముడు ఒక్క దినము వచ్చెను. ప్రతిదినము ఉదయమున తలుపు తీసినవాడు, పత్రికలు మడిచి కట్టినవాడు, చినిగిన అట్టకు జిగురు పూసినవాడు – వీరివలన అది నిలిచినది. చెరువునకు గట్టు కట్టించినవాని పేరు శాసనమున నుండును. తూము కాచెడి నీరటికాని పేరు ఏ రాతిమీదను లేదు. అయినను పంట పండించునది ఆ రెండవవాడే.

చదువరి రాలేనిచోట పుస్తకమే పోవలెనని పాతూరి నాగభూషణముగారు తలచిరి. కృష్ణా పశ్చిమ డెల్టాలోని పెదపాలెమునుండి 1935లో ఆయన పడవ గ్రంథాలయమును నడిపించిరి. వడ్లబస్తాలు పోవు కాలువవెంట పుస్తకములు పోయినవి. క్రొత్త మార్గమేదియు ఆయన నిర్మింపలేదు; ఉన్న మార్గమున క్రొత్త సరకు వేసిరి. పొదుపుగా వ్యాపింపజేయుట యనగా ఇదియే.

నైజాము రాజ్యమున కథ వేరు. అచ్చట సభ జరుపుటకే ముందుగా అనుమతి కావలెను. గస్తీ నిషాను 53 అను ఉత్తరువు ప్రజల నోటికి తాళము వేసెను. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో తెలుగున మాటాడబోయిన వక్తను కొందరు ఎగతాళి చేసిరి. ఆ అవమానము భరింపలేక కొద్దిమంది తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము. కొద్దిమంది సంఘము రాజ్యమంతట ఎట్లు విస్తరించెను? అప్పటికే 20 యేండ్లుగా భాషానిలయములున్నవి. పుస్తకములకొరకు వచ్చిపోవువారి పరిచయములున్నవి. రాజకీయము మాటాడరాని చోట గ్రంథాలయ స్థాపనయే ప్రజాకార్యమయ్యెను. సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926లో వెలువడెను. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతననే మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు వాదము పెంచలేదు. పత్రికద్వారా ఊరూరినుండి పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. పుస్తకములు పంచుటకు త్రవ్విన కాలువ ఎదురు దిక్కునకును పారి, మారుమూల కవులను వెలికి తెచ్చినది.

ఇంతవరకు మేలునే చెప్పితిని. లెక్క వ్రాయువాడు జమయే చూపి ఖర్చు దాచరాదు. నీరు ఉన్న కాలువనే పారును గాని లేని కాలువను తానై త్రవ్వదు. పుస్తకము చుట్టరికమువెంట, కులమువెంట, కూడి కూర్చుండు అరుగువెంట పోవును. ఆ అరుగెక్కనీయబడనివానికి అది చేరదు. భాగ్యరెడ్డివర్మగారు ఈ నిజమును ఎరిగినవారు. ఆయన 1906లో హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించి, చదువు రానివారికి హరికథలద్వారా లోకజ్ఞానము పంచిరి. గ్రంథాలయ మహాసభ జరిగిన బెజవాడలోనే 1917 నవంబరులో ఆయన అధ్యక్షతన పంచమ మహాసభ జరిగెను. తాము ఈ నేలకు మొదటివారమని చాటుచు దానికి ఆదిఆంధ్ర మహాసభయని పేరు పెట్టుకొనిరి. ఒకే యూరిలో మూడేండ్ల యెడమున రెండు మహాసభలు. మొదటి దాని పుస్తకములు రెండవ దాని వాడలకు చేరుటకు ఎంత కాలము పట్టెనో ప్రతి యూరును తన్ను తాను అడిగికొనవలసిన ప్రశ్న.

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయములకు చట్టముల అండ లభించెను. మదరాసున 1948లోను, హైదరాబాదున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను పౌర గ్రంథాలయ శాసనములు వచ్చెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. ఇది గొప్ప మేలు. కాని దీనివలన ఒక మఱపును కలిగినది. పన్ను కట్టితిమి గదా, గ్రంథాలయము సర్కారువారిది గదా, మనకేమి పని యని అనేక గ్రామముల పెద్దలు చేతులు దులుపుకొనిరి. చందా అణాలు ఇచ్చిన తాతకు గ్రంథాలయముమీద నున్న హక్కు, పన్ను కట్టిన మనుమనికి తోచకపోయెను. గట్టు సర్కారువారిదైనను పూడిక తీయవలసినది ఆయకట్టువారు గదా!

ఇప్పుడు మన యూరి రిజిస్టరునకు వచ్చెదను. అనేక సంవత్సరములు దానిని వ్రాసినవాడను నేనే. మొదటి సంపుటములలో కాలువ ఆవలి పేటనుండి ఒక్క పేరైనను లేదు. వారిని రావలదన్నవారు మనలో ఎవరును లేరు. ఆ మాట నిజము. రమ్మని పిలిచినవారును లేరు. ఆ మాటయు నిజమే. నేను ప్రతిమాసము మొత్తములు కూడితిని, తేడా లేదని సంతకము చేసితిని. లేని పేర్లు లెక్కకు రావు గనుక ఆ లోటు నా కంటబడలేదు. పిదప ఒకనాడు ఆ పేటనుండి కళాశాలలో చదువుకొను ఒక బాలిక పరీక్ష పుస్తకము కొరకు వచ్చినది. గుమ్మమువద్ద కొంతసేపు నిలిచి, లోపలికి రావచ్చునా యని అడిగినది. ప్రజల గ్రంథాలయమున ఒక పిల్ల అట్లు అడుగవలసివచ్చుట నాకు తలవంపైనది. ఆమె పేరుక్రింద నెల తిరుగక మునుపే తమ్ముని పేరు వచ్చినది. ఆ తరువాత పొరుగింటివారిది. ఆ తరువాత వారి మేనత్త కొడుకుది. నేడు ఉదయమున పత్రికలు చదువుటకు వచ్చువారిలో ఆ పేటవారే ఎక్కువ. ఒక్క అడ్డత్రాడు చాలినది. దానిని మనము వేయవలసియుండగా, ఆ బాలిక వేసినది.

నేడు చేతిలోని ఫోనున వార్త రెప్పపాటులో వేయిమందికి చేరుచున్నది. వేగమునకు లోపము లేదు. కాని అదే త్రోవను అబద్ధమును అంతే వేగముగా పోవుచున్నది. తూము లేని వరద పొలమును తడుపదు, కోసికొనిపోవును. పుస్తకము ఇచ్చువాడు పుచ్చుకొనువాని ముఖము చూచును. పుచ్చుకొన్నవాడు తిరిగి తెచ్చునపుడు ఎట్లున్నదని ఒక మాట చెప్పును. ఆ రాకపోకలయందే సంబంధము గట్టిపడును. ఫోనును ద్వేషింపనక్కరలేదు, నాగభూషణముగారు వడ్లపడవను వాడుకొనినట్లు మనము దానిని వాడుకొనవచ్చును. క్రొత్త పుస్తకముల పట్టిక దానియందు పంపి, చదువరిని మాత్రము మన బల్లయొద్దకే పిలువవలెను.

కార్యవర్గమువారికి మూడు మనవులు చేసి ముగించెదను. మొదటిది, ప్రతి వీధినుండియు, ప్రతి పేటనుండియు ఒక్కొక్కరు కార్యవర్గమున ఉండవలెను. వారిలో స్త్రీలు సగము కావలెను. రెండవది, చుట్టునున్న ఊళ్ల గ్రంథాలయములతో ఏటికి రెండుసార్లు పుస్తకముల పెట్టె మార్చుకొనవలెను. మనము చదివి ముగించినది వారికి క్రొత్త, వారు చదివినది మనకు క్రొత్త. మూడవది, సంవత్సరాంతమున రిజిస్టరు చూచునపుడు ఉన్న పేర్లు మాత్రమే గాక, లేని యిండ్లనుగూడ లెక్కింపవలెను. ఈ మూడవ పనిని నా శక్తికొలది నేనే చేసెదనని మాట యిచ్చుచున్నాను.

ఈ 25 సంవత్సరములలో మన చెరువు నిండినది. ఇక అలుగు పారవలెను.